కామన్ యాప్‌లో పంపాలా, కాలేజీ సొంత ఫారమ్ నింపాలా? అపోహలు - వాస్తవాలు

అమెరికాలో బ్యాచిలర్స్ చదవాలనుకునే మన పిల్లలకు అప్లికేషన్లలో సాయం చేయడం నా పని. ఒకే ఫారమ్‌తో చాలా కాలేజీలకు అప్లై చేసే వెబ్‌సైట్ కామన్ యాప్. ఏటా ఆగస్టు 1న దాని కొత్త సీజన్ మొదలవగానే ఇళ్లలో టెన్షన్ కూడా మొదలవుతుంది. నేను తరచూ వినే మాటలు ఇవి.

అపోహ: సొంత ఫారమ్‌లో పంపితే ఆ కాలేజీ మీద మనకు ఎక్కువ ఇష్టం ఉందనుకుని సీటు ఇస్తారు.

వాస్తవం: ఇవ్వరు. పెన్ స్టేట్ లాంటి యూనివర్సిటీలు రెండు దారుల్లోనూ అప్లికేషన్లు తీసుకుంటాయి, రెండింటినీ ఒకేలా చూస్తాయి. ఇష్టం తెలిసేది ఆ కాలేజీ అడిగే ప్రత్యేక ప్రశ్నలకు రాసే జవాబుల్లో. రెండు ఫారాలూ పంపితే ఛాన్స్ రెట్టింపవుతుందన్నది కూడా నిజం కాదు. ఒక కాలేజీకి ఒక్కటే పంపాలి.

అపోహ: కామన్ యాప్ ఒక్కసారి నింపితే అన్ని కాలేజీలకూ పని అయిపోయినట్టే.

వాస్తవం: పిల్లలను ఎక్కువగా దెబ్బతీసే నమ్మకం ఇదే. అందులో వెయ్యికి పైగా కాలేజీలున్నాయి, ఒక విద్యార్థి 20 వరకు ఎంచుకోవచ్చు. వ్యక్తిగత వివరాలు, 10 యాక్టివిటీలు, 650 పదాల్లోపు ఎస్సే అన్నింటికీ ఉమ్మడి. అక్కడితో ఆగదు. చాలా కాలేజీలు పైన తమ సొంత ఎస్సేలు అడుగుతాయి, ఫీజు కూడా దేనికది కట్టాలి. లిస్టులో చేర్చే ముందే ప్రతి కాలేజీ ప్రశ్నలూ తెరిచి చదవండి.

అపోహ: కామన్ యాప్‌లో లేని కాలేజీని వదిలేయడమే మేలు.

వాస్తవం: అలాగైతే ఎంఐటీనీ, యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియానూ వదులుకోవాలి. కాలిఫోర్నియా ఫారమ్ గురించి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే మన ఇంటర్ పిల్లల్లో చాలామందికి అది నిజంగా అనుకూలం. బర్క్లీ, లాస్ ఏంజెలస్‌తో కలిపి 9 క్యాంపస్‌లకూ ఒకే ఫారమ్, ఫీజు మాత్రం క్యాంపస్‌కింత. 8 ప్రశ్నల్లో నచ్చిన 4 ఎంచుకుని, ఒక్కోదానికి 350 పదాల్లోపు రాయాలి. అవే జవాబులు అన్ని క్యాంపస్‌లకూ వెళ్తాయి కాబట్టి వాటిలో ఏ క్యాంపస్ పేరూ రాయకండి. శాట్ అనే ప్రవేశ పరీక్ష స్కోరును సీటు కోసం చూడరు. అప్లికేషన్‌తో పాటు రికమండేషన్ లెటర్లు అడగరు, బర్క్లీ కొందరిని తర్వాత అడగవచ్చు. కామన్ యాప్‌లో చాలా కాలేజీలకు కౌన్సెలర్, టీచర్ల లెటర్లు కావాలి. కౌన్సెలర్ అనే ఉద్యోగమే లేని జూనియర్ కాలేజీలో ఆ లెటర్ రాయించుకోవడానికి పిల్లలు పడే తిప్పలు నాకు తెలుసు. కాలిఫోర్నియా ఫారమ్‌లో ఆ బాధ లేదు.

దానికి బదులు, తొమ్మిదో తరగతి నుంచి మార్కులు మీరే ఎక్కించాలి. మెమోలో ఉన్నవి ఉన్నట్టే వేయండి, జీపీఏగా (అమెరికా పద్ధతి గ్రేడ్ సగటుగా) మార్చకండి. సీటు వచ్చాక అసలు మెమోలతో సరిచూస్తారు, తేడా ఉంటే సీటు రద్దు చేయవచ్చు. గడువు కూడా మామూలుగా నవంబరు నెలాఖరుకే ముగుస్తుంది. మిగతా చాలా కాలేజీల రెగ్యులర్ గడువు జనవరిలో కదా అని నిదానిస్తే ఇది చేజారుతుంది.

అపోహ: ఇంకా ఎక్కడెక్కడ అప్లై చేశామో కామన్ యాప్ కాలేజీలకు చెప్పేస్తుంది.

వాస్తవం: చెప్పదు. మీ లిస్టు మీకే కనిపిస్తుంది.

అపోహ: అక్క ఎంఎస్‌కి కూడా కామన్ యాప్‌లోనే పెట్టొచ్చు.

వాస్తవం: అది బ్యాచిలర్స్ అడ్మిషన్లకు, బదిలీలకు మాత్రమే. ఎంఎస్‌కి మామూలుగా ఏ యూనివర్సిటీ ఫారమ్ దానిదే, ఎస్‌ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే వ్యాసం) కూడా దేనికది రాసుకోవాల్సిందే.