గోడ లోపలి చదువు, గోడ బయటి చదువు

సూళ్లూరుపేట నుంచి చెన్నైకి వచ్చే రైలు మీంజూరు దాటితే థర్మల్ కేంద్రాల పొగగొట్టాలు కనిపిస్తాయి. ఆ తర్వాత అత్తిపట్టు, ఎన్నూరు, కత్తివాక్కం. నెల్లూరు, తిరుపతి జిల్లాల నుంచి చెన్నై వచ్చి ఇండస్ట్రియల్ సేఫ్టీయో, డిజాస్టర్ మేనేజ్‌మెంటో చదివే పిల్లలకు సగం సిలబస్ ఆ కిటికీలోంచే కనిపిస్తుంది. 2023 డిసెంబరు 26 అర్ధరాత్రి ఎన్నూరు పెరియకుప్పం దగ్గర, ఎరువుల కర్మాగారానికి సముద్రం అడుగున వచ్చే పైపులైను నుంచి అమ్మోనియా లీకైంది. జనం ఇళ్లు వదిలి రోడ్ల మీదికి పరుగెత్తారు. పైపు కర్మాగారానిది, జనం జిల్లా యంత్రాంగం బాధ్యత. మన విశ్వవిద్యాలయాల్లో ఈ రెండూ రెండు వేర్వేరు చదువులు. ఎందుకలా విడిపోయాయో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి.

మొదటిది, ఇండస్ట్రియల్ సేఫ్టీ, కార్మిక శాఖ నీడలో పెరిగింది. 1948 ఫ్యాక్టరీల చట్టం ముఖ్యంగా చూసింది యంత్రాన్ని, దాని పక్కన నిలబడిన మనిషిని: బెల్టుకు కంచె, లిఫ్టుకు తనిఖీ, కళ్లకు అద్దాలు. వెయ్యిమంది లేదా అంతకు మించి కార్మికులున్న చోట సేఫ్టీ ఆఫీసర్ ఉండాలన్న సెక్షన్ 1976 సవరణతో వచ్చింది. ఆ ఉద్యోగానికి తగిన చదువు కావాలి కాబట్టి ముంబయిలోని సెంట్రల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్, చెన్నై తరమణిలోని ప్రాంతీయ లేబర్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల ఏడాది డిప్లొమా నడుస్తోంది. తిరుచిరాపల్లి ఎన్‌ఐటీలో ఎంటెక్, అన్నా విశ్వవిద్యాలయ అనుబంధ కళాశాలల్లో ఎంఈ ఉన్నాయి. ఇవన్నీ గేటు లోపలి చదువులు.

1984 డిసెంబరు 2-3 రాత్రి భోపాల్ ఆ గేటును బద్దలు కొట్టింది. మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకులోకి నీళ్లు చేరి, దాదాపు 40 టన్నుల విషవాయువు ఊరి మీద పడింది. చల్లబరిచే యూనిట్‌ను నెలల ముందే ఆపేశారు. వాయువును కాల్చేయాల్సిన ఫ్లేర్‌కు వెళ్లే పైపు మరమ్మతు కోసం విప్పి ఉంది. నీటి జల్లు లీకైన ఎత్తుకు అందలేదు. విద్యార్థులు వీటిని వరసగా బట్టీ పడతారు గానీ, అసలు పాఠం ఇంకోటి: తడిగుడ్డ ముఖానికి కట్టుకుంటే కొంతైనా కాపాడుతుందన్న మాట చుట్టుపక్కల వాళ్లకు ముందుగా ఎవరూ చెప్పలేదు. ఫ్యాక్టరీల చట్టానికి 1987లో చేసిన సవరణలో 41బి సెక్షన్ అందుకే వచ్చింది. ప్రమాదాల సమాచారం కార్మికులకే కాదు, చుట్టుపక్కల ప్రజలకూ ఇవ్వాలి.

ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతిపై వచ్చిన 1989 నిబంధనలు లెక్కలు కట్టాయి. విడిగా నిల్వచేసే అమ్మోనియా 60 టన్నులు చేరితే అత్యవసర ప్రణాళిక కావాలి, 600 చేరితే సేఫ్టీ రిపోర్టు కూడా. క్లోరిన్‌కు ఆ అంకెలు 10, 25. ఆన్‌సైట్, అంటే గేటు లోపలి ప్రణాళిక యాజమాన్యానిది, దాని మాక్ డ్రిల్ ఆరు నెలలకోసారి. ఆఫ్‌సైట్, అంటే గేటు బయటి ప్రణాళిక అధికారులది, డ్రిల్ ఏడాదికోసారి. గోడ అక్కడ కాగితం మీదికి ఎక్కింది.

రెండో చదువు, డిజాస్టర్ మేనేజ్‌మెంట్, పుట్టింది తుపాన్లలో. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న. అప్పట్లో విపత్తు అంటే రెవెన్యూ శాఖ బియ్యం, బట్టలు, నష్టపరిహారం. 1999 ఒడిశా తుపాను, 2001 భుజ్ భూకంపం, మెరీనా దాకా వచ్చిన 2004 సునామీ అయ్యాక 2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది. ఎంఏ, ఎంఎస్సీ, ఎంబీఏ కోర్సులు ఆ వెనకే మొలిచాయి. మ్యాపులు, ముందస్తు హెచ్చరికలు, సహాయ శిబిరాలు బాగా చెబుతారు. వాల్వు గురించి మాత్రం చెప్పరు.

విశాఖలో 2020 మే 7న ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం ట్యాంకు నుంచి స్టైరీన్ అనే రసాయనం ఆవిరి వెంకటాపురం మీదికి వెళ్లింది, 12 మంది పోయారు. స్టైరీన్ వేడెక్కితే తనంతట తానే పాలిమర్‌గా మారుతుంది, మారుతూ మరింత వేడి పుట్టిస్తుంది. దాన్ని ఆపేది టీబీసీ అనే నిరోధకం. విచారణలో బయటపడ్డది ఏమిటంటే ఉష్ణోగ్రత కొలిచే పరికరం ట్యాంకు అడుగున ఉంది, కాగింది పైభాగం. టీబీసీ నిల్వ లేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాటుండీ ఎవరూ మోగించలేదు. మొదటి రెండూ గోడ లోపలి చదువు, మూడోది బయటిది.

అదే ఏడాది ఆగస్టు 4న బేరూత్ పేలాక, చెన్నై మణలి దగ్గర గోదాములో 2015 నుంచి కస్టమ్స్ జప్తులో పడి ఉన్న అమ్మోనియం నైట్రేట్ అందరికీ గుర్తొచ్చింది. దాదాపు 697 టన్నులు, 37 కంటైనర్లు. వేలంలో అమ్మి హైదరాబాద్‌కు తరలించారు. అయిదేళ్లు అది ఏ శాఖ నెత్తిన ఉందో ఆలోచిస్తే ఈ రెండు చదువుల మధ్య ఖాళీ ఎంత ఉందో తెలుస్తుంది.

ఈ ఖాళీ పూడ్చే పాఠం ఎలా ఉండాలో నీటి శుద్ధి కేంద్రంలోని 900 కిలోల క్లోరిన్ టన్నర్‌ను (పెద్ద సిలిండర్‌ను) చూస్తే చాలు. లీకు వెతకడానికి అమ్మోనియాలో ముంచిన దూదిని దగ్గరికి తెస్తారు. తెల్లటి పొగ లేచిన చోటే చిల్లు. మొదటి పని టన్నర్‌ను దొర్లించి చిల్లు పైకి తేవడం. కింద ఉంటే ద్రవం కారుతుంది, ఒక లీటరు ద్రవం దాదాపు 450 లీటర్ల వాయువవుతుంది. పైకి తెస్తే వాయువు మాత్రమే వస్తుంది. కంగారులో చిల్లు మీద నీళ్లు కొడతారు, అదే పెద్ద తప్పు: తడి క్లోరిన్ ఆమ్లమై ఇనుమును తిని చిల్లును పెద్దది చేస్తుంది. ఇది లోపలి పని. బయట వీధిలో చెప్పాల్సింది వేరు. క్లోరిన్ గాలికన్నా రెండున్నర రెట్లు బరువు కాబట్టి పల్లం వదిలి ఎత్తుకు, గాలి వీచే దారికి అడ్డంగా పక్కకు నడవాలి. అమ్మోనియా తేలికే, అయినా మైనస్ 33 డిగ్రీల ద్రవం నుంచి వచ్చినప్పుడు చల్లటి మబ్బులా నేలను పట్టుకుంటుంది. ‘తేలిక వాయువు, పైకి పోతుందిలే’ అనుకున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

కోర్సు ఎంచుకునేవాళ్లు చూడాల్సింది ఫీజు ఒక్కటే కాదు. అమీర్‌పేటలో, చెన్నైలో ఆరు నెలల సేఫ్టీ డిప్లొమాలు బోలెడు. బ్రిటిష్ నెబోష్ సర్టిఫికెట్ గల్ఫ్‌లో పనికొస్తుంది గానీ, ఇక్కడ చట్టబద్ధమైన సేఫ్టీ ఆఫీసర్ ఉద్యోగానికి అదొక్కటే సరిపోదు. తగిన ఇంజినీరింగ్ లేదా సైన్స్ అర్హత, పని అనుభవం, ప్రభుత్వం గుర్తించిన సేఫ్టీ డిప్లొమా ఉండాలి. కార్మికుల భద్రత, ఆరోగ్యంపై వచ్చిన 2020 కోడ్ ఆ ఆఫీసర్ అవసరమయ్యే కార్మికుల సంఖ్యను వెయ్యి నుంచి 500కు, ప్రమాదకర ప్రక్రియలున్న చోట 250కి దించింది కాబట్టి గిరాకీ పెరిగేదే. సేఫ్టీ ఆఫీసర్ నియమాల్లో చాలామంది చదవని షరతు ఇంకొకటుంది: అక్కడి కార్మికుల్లో ఎక్కువమంది మాట్లాడే భాష తగినంత వచ్చి ఉండాలి. శ్రీసిటీలో తెలుగుతో గడుస్తుంది. గుమ్మిడిపూండి దాటి ఇవతలికొస్తే తమిళం నేర్చుకోవాలి.