ఇద్దరు వీరులు, ఒకే సంచిక: క్రాసోవర్ కామిక్స్ గురించి అపోహలు - వాస్తవాలు

కామిక్స్ పేజీలకు పెన్సిల్ గీతలు గీయడం నా వృత్తి. పని నేర్చుకోవడానికి వచ్చే యువకులు క్రాసోవర్ల గురించే, అంటే వేర్వేరు సంస్థల వీరులు కలిసే సంచికల గురించే ఎక్కువగా అడుగుతుంటారు. ఆ ప్రశ్నల వెనుక ఉన్న అపోహలు ఇంచుమించు ఎప్పుడూ ఒకటే కాబట్టి, 1976లో అమెరికా కామిక్స్ సంస్థలైన డీసీ (సూపర్‌మ్యాన్ దీని వీరుడు), మార్వెల్ (స్పైడర్‌మ్యాన్ దీని వీరుడు) కలిసి వెలువరించిన సూపర్‌మ్యాన్ - స్పైడర్‌మ్యాన్ సంచికను వాళ్ల ముందు తెరిచి పెట్టి, పేజీలు తిప్పుతూ జవాబు చెప్పడం నాకు అలవాటైంది. ఆ రెండు సంస్థల సూపర్‌హీరోలు ఒకే కథలో ఎదురుపడిన తొలి సంచిక అదే. రచన జెర్రీ కాన్వే, పెన్సిల్ రాస్ ఆండ్రూ, పెన్సిల్ బొమ్మకు సిరాతో తుదిరూపం ఇచ్చే ఇంకింగ్ డిక్ జోర్డానో.

అపోహ: ఎవరు గెలుస్తారో తేల్చడమే ఇలాంటి కథ పని.

వాస్తవం: తేల్చవలసిన అవసరమే లేదు, ఎందుకంటే సూపర్‌మ్యాన్ బలం ముందు స్పైడర్‌మ్యాన్ బలం ఏ మూలకూ రాదని పాఠకుడికి ముందే తెలుసు. కథకుడి ముందున్న చిక్కు అది కాదు. అంత తేడా ఉన్న ఇద్దరిని కొన్ని పేజీల పాటు సమానంగా నిలబెట్టి, చివరికి ఎవరి అభిమానీ చిన్నబుచ్చుకోకుండా ఆ పోరును ఎలా ముగించాలన్నదే అసలు చిక్కు. కాన్వే దీనికి మూడు మెట్ల పరిష్కారం వెతికాడు. ముందుగా సూపర్‌మ్యాన్ శత్రువైన లూథర్, సూపర్‌మ్యాన్ బలాన్ని హరించే ఎర్ర సూర్యుడి కిరణాల శక్తిని రహస్యంగా స్పైడర్‌మ్యాన్ మీద ప్రయోగిస్తాడు, దానితో అతని దెబ్బకు సూపర్‌మ్యాన్ నిజంగానే ఎగిరిపడతాడు. ఆ తరువాత కోపంతో తిరిగి కొట్టబోయిన సూపర్‌మ్యాన్ ఆఖరి క్షణంలో పిడికిలిని ఆపుకుంటాడు, అయినా ఆ చేతి విసురుకు పుట్టిన గాలికే స్పైడర్‌మ్యాన్ దూరంగా విసిరివేయబడతాడు. చివరగా ఆ కిరణాల ప్రభావం తగ్గిపోయాక స్పైడర్‌మ్యాన్ ఎన్ని గుద్దులు గుద్దినా అవతలివాడు చలించడు, నొప్పి అతని చేతులకే మిగులుతుంది. పిడికిలిని ఆపుకున్న ఆ ఒక్క ప్యానెల్‌లో, అంటే ఆ ఒక్క బొమ్మ గడిలో, సూపర్‌మ్యాన్ బలమూ, స్వభావమూ రెండూ పాఠకుడికి అందుతాయి. పడినా మళ్లీ లేచి వచ్చి గుద్దడంలో స్పైడర్‌మ్యాన్ మొండితనం కనిపిస్తుంది. అంటే ఆ పోరు సాగుతున్నంతసేపూ మనం చూస్తున్నది బలాబలాలను కాదు, ఇద్దరి మనస్తత్వాలను.

అయితే ఆ పోరుకు చెప్పిన కారణం నాకు ఎప్పుడూ పేలవంగానే తోచింది. లూథర్ సూపర్‌మ్యాన్ వేషంలో వచ్చి సూపర్‌మ్యాన్ ప్రేయసి లోయిస్ లేన్‌ను, స్పైడర్‌మ్యాన్ ప్రేయసి మేరీ జేన్‌ను మాయం చేస్తాడు, దానితో వీరులిద్దరూ ఒకరినొకరు అపార్థం చేసుకుంటారు. నాలుగు మాటలు మాట్లాడుకుంటే తీరిపోయే అపార్థం అది. మన గయోపాఖ్యానం గుర్తున్నవారికి ఈ లోటు వెంటనే తెలుస్తుంది. అక్కడ గయుణ్ణి చంపుతానని కృష్ణుడు శపథం చేస్తే, సంగతి తెలియకుండా అర్జునుడు అతనికి అభయమిస్తాడు. ఇద్దరూ నిజం తెలుసుకున్నాక కూడా యుద్ధం తప్పదు, ఎందుకంటే ఇద్దరి మాటా ధర్మమైనదే. ప్రాణమిత్రులైన ఇద్దరు వీరులు తలపడడానికి అంతకన్నా గట్టి కారణం నాకు ఏ భాష కథలోనూ కనిపించలేదు.

గెలుపోటములనే కథగా చేస్తే ఏమవుతుందో 1996లో రెండు సంస్థలు కలిసి తెచ్చిన నాలుగు సంచికల కథలో చూడవచ్చు. అందులో అయిదు పోరాటాల ఫలితాలను పాఠకుల ఓట్లతో నిర్ణయించారు. మార్వెల్ వీరుడు వుల్వరిన్, డీసీ పాత్ర లోబో తలపడిన పోరులో ఓట్లు వుల్వరిన్‌ను గెలిపించాయి, కాని ఆ గెలుపును నమ్మించేలా చూపలేక, అసలు ఘట్టాన్ని ఒక మద్యశాల బల్ల చాటున జరిపించి, చివరకు అతనొక్కడు పైకి లేచినట్లు గీశారు. ఫలితం ముందే వచ్చి కారణం తరువాత వెతుక్కోవలసి వస్తే బొమ్మ గీసేవాడికి దాచడం తప్ప మరో దారి మిగలదు.

అపోహ: రెండు వేర్వేరు లోకాల వీరులు కలవాలంటే ఆ లోకాల మధ్య ఏదో ద్వారం తెరుచుకోవాలి.

వాస్తవం: 1976 సంచికలో అలాంటి వివరణ ఒక్క ముక్క కూడా లేదు. అందులో సూపర్‌మ్యాన్ ఉండే కల్పిత నగరం మెట్రోపొలిస్, స్పైడర్‌మ్యాన్ ఉండే న్యూయార్క్ ఒకే దేశంలోని రెండు నగరాలు, ముసుగు లేని వేళ సూపర్‌మ్యాన్ అయిన విలేకరి క్లార్క్ కెంట్, స్పైడర్‌మ్యాన్ అయిన ఫొటోగ్రాఫర్ పీటర్ పార్కర్ ఇద్దరూ పత్రికల లోకానికి చెందినవారు, కాబట్టి ఒక వార్తాసదస్సులో కలుస్తారు. అంతే. ఇద్దరి వృత్తిలోనూ ఉన్న ఆ పోలికను పట్టుకోవడమే చాలినంత వివరణ అయింది.

అపోహ: ఇది కేవలం వ్యాపార ఒప్పందం, ఇందులో కళకు చోటు ఉండదు.

వాస్తవం: వ్యాపారం ఉన్న మాట నిజమే. మామూలు సంచిక 25 సెంట్లకు దొరికే రోజుల్లో దీని వెల 2 డాలర్లు. కాని ఆ వెలకు తగ్గట్టుగా పేజీ కూడా సుమారు 10 అంగుళాల వెడల్పు, 13న్నర అంగుళాల ఎత్తుకు పెరిగింది, కథ 90 పేజీలు దాటింది. పేజీ పెద్దదైతే పాత ప్యానెళ్లనే పెంచి అతికించడం కుదరదు, దూరాన్నీ లోతునూ కొత్తగా లెక్క వేసుకోవాలి. ఎగిరేవాడికి ఆకాశం కావాలి, గోడలు పాకేవాడికి భవనాలు కావాలి. న్యూయార్క్ మేడల మధ్య లోతును, పైనుంచి కిందికి చూస్తే కలిగే కళ్లు తిరిగే భావనను గీయడంలో ఆండ్రూది అందెవేసిన చేయి. అప్పటికే స్పైడర్‌మ్యాన్ నెలవారీ సంచికలకు బొమ్మలు వేస్తున్న ఆయనకు డీసీలోనూ ఎంతో అనుభవం ఉంది. రెండు ఇళ్లనూ ఎరిగిన చేయి దొరకడం ఈ సంచికకు కలిసి వచ్చింది.

పేరు వేయకపోయినా మరో ఇద్దరు చిత్రకారుల చేతులు కూడా ఇందులో ఉన్నాయి. సూపర్‌మ్యాన్ ఆకృతులను కొన్నిచోట్ల నీల్ ఆడమ్స్ సరిదిద్దాడు, పీటర్ పార్కర్ వైపు ముఖాలను కొన్నిచోట్ల జాన్ రొమిటా తిరిగి గీశాడు. ఇంతమంది గీతలు ఒకే పేజీలో అతుకులు కనబడకుండా నిలిచాయంటే ఆ పుణ్యం ఎక్కువగా జోర్డానో ఇంకింగ్‌దే. పెన్సిల్ మీద నల్లగీత దిద్దడమే ఇంకింగ్ అనుకునేవారు ఈ సంచికను ఒకసారి నిదానంగా చూడాలని నా కోరిక.

అపోహ: వీరులు గట్టివాళ్లయితే చాలు, ప్రతినాయకుడు ఎవరైనా ఫరవాలేదు.

వాస్తవం: ఈ సంచిక నిర్మాణమంతా ప్రతినాయకుల మీదే నిలబడింది. మొదటి ఉపోద్ఘాతంలో సూపర్‌మ్యాన్ లూథర్‌ను పట్టుకుంటాడు, రెండో దానిలో స్పైడర్‌మ్యాన్ తన శత్రువు డాక్టర్ ఆక్టోపస్‌ను పట్టుకుంటాడు, మూడో దానిలో ఆ ఇద్దరూ ఒకే చెరసాలలో చేతులు కలుపుతారు. అంటే వీరులకన్నా ముందే శత్రువులు కలుస్తారు. ఒక లోకం మాత్రమే తెలిసిన పాఠకుడికి రెండో లోకం పరిచయం కూడా ఈ ఉపోద్ఘాతాలతోనే జరిగిపోతుంది. చివర్లో లూథర్ పథకం భూమినే నాశనం చేసేదని గ్రహించి ఆక్టోపస్ ఎదురుతిరిగి అతని యంత్రాన్ని బద్దలు కొట్టడం, ఈ కథలో నాకు అన్నిటికన్నా నచ్చిన మలుపు. ఇంత శ్రద్ధ తీసుకున్న రచయిత లోయిస్‌ను, మేరీ జేన్‌ను మాత్రం బందీలుగా వదిలేయడం బాధగానే ఉంటుంది. లోయిస్ కూడా విలేకరే కదా, ఆ సదస్సులో ఆమెకు చేయడానికి ఎంతో పని ఉండేది.

అపోహ: వీరుల సంఖ్య పెరిగేకొద్దీ కథ గొప్పదవుతుంది.

వాస్తవం: సంఖ్య పెరిగేకొద్దీ ఒక్కొక్కరికి దక్కే ప్యానెళ్లు తగ్గుతాయి. దీన్ని తట్టుకుని నిలిచిన అరుదైన ఉదాహరణ డీసీ వీరుల బృందం జస్టిస్ లీగ్, మార్వెల్ వీరుల బృందం అవెంజర్స్ కలిసిన కథ. 1980ల తొలినాళ్లలో చిత్రకారుడు జార్జ్ పెరెజ్ దానికి బొమ్మలు మొదలుపెట్టాక రెండు సంస్థల మధ్య పొత్తు కుదరక పని ఆగిపోయింది. చివరికి కర్ట్ బ్యూసిక్ రచనతో, అదే పెరెజ్ బొమ్మలతో 2003లో మొదలై నాలుగు సంచికలుగా వెలువడింది. అప్పటివరకు రెండు బృందాల్లో ఉన్న సభ్యులందరినీ పెరెజ్ ఒక్క ముఖచిత్రంలో కూర్చాడు. ఆ గుంపులో ఎవరి నిలుచునే తీరు వారిదే, ముసుగు తీసేసినా ఎవరు ఎవరో భుజాల వాలును బట్టి గుర్తుపట్టవచ్చు. నా దగ్గర నేర్చుకునేవారికి ఆ ముఖచిత్రాన్ని ఇచ్చి, ముఖాలను కాగితంతో కప్పి పేర్లు చెప్పమంటాను.