గిలక పాము: మిషిగన్‌లో నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

పాముల మీద పరిశోధన చేస్తానని చెప్పగానే ఇక్కడి మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఈ చలిలో పాములేంటండీ?" అని. ఉన్నాయి. మిషిగన్‌లో విషమున్న జాతి మాత్రం ఒక్కటే, ఈస్టర్న్ మసాసాగా అనే ర్యాటిల్ స్నేక్, అంటే తోక చివర గిలక ఉండే పాము. మన రక్తపింజరి కుటుంబమే గానీ పొడవు రెండు, రెండున్నర అడుగులే. 2016లో అమెరికా ప్రభుత్వం దీన్ని ముప్పున్న జాతుల జాబితాలో చేర్చింది.

అపోహ: దగ్గరికెళ్తే గిలక మోగిస్తుంది, తప్పుకోవచ్చు.

చాలామంది ఇక్కడే పొరపడతారు. దీని నమ్మకమంతా కదలకుండా పడుండటం మీదే. మత్తిచ్చి, ఒంట్లో చిన్న రేడియో ట్రాన్స్‌మిటర్ అమర్చిన పాముల్ని యాంటెనా పట్టుకుని వెతుకుతుంటాం. ఒక జూలైలో రిసీవర్ చెవులు చిల్లులు పడేలా కూస్తోంది. అంటే పాము నా కాళ్ల దగ్గరే ఉంది. ఐదు నిమిషాలు వంగి చూశాను. ఎండిన గడ్డి దుబ్బు, దాని మీద గోధుమరంగు మచ్చలు, అంతే. చివరికి ఆ మచ్చల మధ్య ఒక కన్ను తేలింది, బూటుకి జానెడు దూరంలో. గిలక ఊపనే లేదు. ఊపినా వినిపించేది పురుగు రొదలాంటి సన్నని చప్పుడే. అందుకే తడి నేలల్లో కాలిబాట దిగొద్దంటాం, కంటికి కనపడని చోట చెయ్యి పెట్టొద్దంటాం.

అపోహ: గిలకలో ఎన్ని కణుపులుంటే అన్నేళ్లు.

కుబుసం విడిచినప్పుడల్లా ఒక కణుపు చేరుతుంది, ఏడాదికి ఒకటికి మించి కూడా. చివరివి విరిగి రాలిపోతాయి. అందుకే ఏ పాము ఏదో గుర్తు కోసం మేం చర్మం కింద బియ్యపు గింజంత చిప్ పెడతాం.

అపోహ: ఒకదాన్ని చంపితే జత పగబడుతుంది.

ఇది మన ఊళ్ల నుంచి సామానుతో పాటు వచ్చింది. వీటికి జంటగా కాపురం ఉండదు, పగ అసలే ఉండదు. ఇది గుడ్లు పెట్టదు, పిల్లల్నే కంటుంది, అదీ చాలాచోట్ల రెండేళ్లకోసారే. వేసవిలో ఎండ కాచుకుంటూ బయట కనిపించేది తరచూ చూలుతో ఉన్న ఆడపామే. కర్ర దెబ్బకి పోయేది ఒక ప్రాణం కాదు.

అపోహ: చంపకుండా దూరంగా తీసుకెళ్లి వదిలేస్తే పుణ్యం.

పాపం, మంచి మనసుతోనే చేస్తారు. కానీ చలికాలం ఇది క్రేఫిష్ (రొయ్యలాంటి మంచినీటి జీవి) తవ్విన బొరియలో, మంచు గడ్డకట్టని లోతున, భూగర్భజలం తగిలే చోట గడుపుతుంది. కొత్త చోట ఆ బొరియ దానికి తెలియదు. బొరియ తెలిసినా, శీతాకాలం మధ్యలో ఎవరైనా చెరువు నీటిమట్టం తగ్గించారా, లోపలే గడ్డకట్టుకుపోతుంది. దీనికి తోడు బక్‌థార్న్ పొదలు. అవి నేలంతా నీడ పరిచేస్తే పాముకి ఎండ దొరకదు. పొదల్ని తగలబెడతాం, కానీ పాములు బొరియల్లోంచి బయటికి రాకముందే. తేదీ తప్పితే కాపాడబోయి మేమే చంపినట్టు. శిలీంధ్ర వ్యాధి బెడద వేరే ఉంది. 2008లో ఇల్లినాయిలోని కార్లైల్ సరస్సు దగ్గరి మసాసాగాల్లో అది బయటపడింది. అందుకే ఒక చోటు నుంచి ఇంకో చోటుకి వెళ్లే ముందు బూట్లు, పరికరాలు మందుతో కడుగుతాం.

అపోహ: కరిస్తే గట్టిగా కట్టు కట్టి, కోసి రక్తం పీల్చాలి.

ఈ మూడూ వద్దు. విషం తీవ్రమైనదే, చనిపోవడం మాత్రం చాలా అరుదు. ఉంగరాలు, గాజులు తీసేసి, కరిచిన చెయ్యో కాలో కదపకుండా 911కి (ఇక్కడి అత్యవసర నంబరు) ఫోన్ చేయండి. ఇక్కడి విరుగుడు మందు వేరు, ఇండియాలో నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి అనే నాలుగు పాములకి వాడే మందు దీనికి పనిచేయదు.

వాట్సాప్‌లో "అన్నా, ఇది అదేనా?" అని వచ్చే ఫొటోల్లో చాలావరకు మిల్క్ స్నేక్‌లే. విషం లేదు, కానీ ఎండుటాకుల్లో తోక ఆడించి గిలక చప్పుడు తెప్పిస్తుంది. తోక చివర సన్నగా మొనదేలి ఉంటే ర్యాటిల్ స్నేక్ కాదు. చూడాల్సింది ఫొటో జూమ్ చేసి, దగ్గరికెళ్లి కాదు.