పేపర్ కుండీల్లో నారు: అపోహలు - వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో పేపర్ కుండీల ఫొటోలు మొదలవుతాయి, పాత న్యూస్‌పేపర్ చుట్టి చేసి మొక్కతో సహా నాటేసేవి. ఎండాకాలపు బీర, దోస, కాకర గింజలు పెట్టుకునే రోజులు కదా. ఫొటోల వెనకే రెండు రకాల మెసేజ్‌లు వస్తాయి. "న్యూస్‌పేపర్ కుండీలో పెడితే మొక్క అదిరిపోతుంది, తర్వాత అదే ఎరువైపోతుంది" అని ఒకరు. "ఇంకు విషం, ఇంట్లో తినే కూరగాయలకి అదా?" అని ఇంకొకరు. హైదరాబాద్‌లో మేడ మీద నారు పెంచి చుట్టుపక్కల వాళ్ళకి ఇస్తుంటాను కాబట్టి ఈ రెండు వాదనలూ తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాయి.

పేపర్ కుండీ చేసే పని ఒక్కటే: వేరు కదలకుండా మొక్కని మట్టిలోకి దించడం. ఆ అవసరం ఉన్న మొక్కకి అది చాలా మంచి సాధనం. ఆ అవసరం లేని మొక్కకైతే అది మనకి కాలక్షేపం, అంతే.

అపోహ: ఏ విత్తనమైనా పేపర్ కుండీలో పెడితే మంచిదే

టమాటా, వంగ, మిరప నారుని మన రైతులు తరతరాలుగా మడిలోంచి పీకి నాటుతూనే ఉన్నారు. కొన్ని వేళ్ళు తెగినా ఇవి రెండు మూడు రోజుల్లో తేరుకుంటాయి. టమాటా అయితే కాండం ఎంత లోతు మట్టిలోకి దిగితే అంత మేరా కొత్త వేళ్ళు వేసుకుంటుంది. వీటికోసం కూర్చుని కుండీలు చుట్టక్కర్లేదు. నర్సరీ వాళ్ళు వాడే 98 గుంతల ప్లాస్టిక్ ట్రే (ప్రోట్రే) ఒకటి కొనుక్కుంటే ఏళ్ళ తరబడి పనికొస్తుంది.

తీగజాతి సంగతి వేరు. బీర, సొర, పొట్ల, కాకర, దోస, గుమ్మడి, వీటి లేత వేరు తెగితే మొక్క అలిగి కూర్చుంటుంది. చచ్చిపోదు, ఎదగదు. పక్కన నేరుగా గింజ పెట్టిన పాదు దాన్ని దాటి పందిరెక్కేస్తుంది. పెద్దవాళ్ళు వీటికి నారు పోయకుండా పాదు చేసి గింజే పెట్టడానికి కారణం ఇదే. మరి మిద్దె మీద మనమూ అలాగే పెట్టుకోవచ్చుగా అంటే, పెట్టుకోవచ్చు. కానీ గింజని ఉడతలు తవ్వుకుపోతాయి, మొలకని పావురాలు తుంచేస్తాయి. పైగా టబ్బులో ఇంకా పాత వంకాయ మొక్క కాస్తూ ఉంటుంది, అది ఖాళీ అయ్యేదాకా ఆగితే సీజన్ పోతుంది. ఇలాంటప్పుడే పేపర్ కుండీ అక్కరకొస్తుంది. బొప్పాయికి, మునగకి కూడా ఇదే నా పద్ధతి.

ముల్లంగి, క్యారెట్‌లకి మాత్రం వద్దు. నాటేటప్పుడు తల్లివేరు చివర దెబ్బతింటే దుంప రెండుగా చీలి వంకర తిరుగుతుంది. వాటిని ఉన్న చోటే విత్తుకోవాలి. మెంతి, తోటకూర, పాలకూర చల్లుకునేవి. ఒక్కో కుండీలో ఒక్కో మెంతి గింజ పెట్టిన ఫొటో ఒకటి చూశాను. ఆ ఓపికకి దండం పెట్టాను.

అపోహ: ఇదంతా ఇంటర్నెట్ వాళ్ళు కనిపెట్టిన ఫ్యాషన్

జపాన్‌లో చక్కెర దుంప సాగుకి 1960ల నుంచే పేపర్ కుండీలు వాడుతున్నారు. ఉత్తరాన హొక్కైడోలో మంచు ఎక్కువ, పంట కాలం తక్కువ. బయట నేల ఇంకా చల్లగా ఉండగానే లోపల నారు పెంచుకుని, తల్లివేరు చెదరకుండా పొలంలోకి దించడానికి అక్కడి చక్కెర కంపెనీ ఒకటి తేనెపట్టు గదుల్లా అతికిన కాగితపు కుండీలు తయారు చేసింది. అది ఈ పని కోసమే చేసిన కాగితం, మన పాత పేపరు కాదు. కానీ కారణం మాత్రం అదే, వేరు.

అపోహ: న్యూస్‌పేపర్ ఇంకు విషం, మట్టిలో కలిస్తే కూరగాయల్లోకి వస్తుంది

ఈ భయం ఊరికే పుట్టలేదు. న్యూస్‌పేపర్‌లో తినుబండారాలు చుట్టొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2016లో హెచ్చరించింది. 2018 నాటి ప్యాకేజింగ్ నిబంధనల్లో దాన్ని నిషేధించింది కూడా. అది సరైన నిర్ణయమే. వేడి వేడి బజ్జీ నూనె ఇంకులోని రసాయనాలని కరిగించి లాక్కుంటుంది, దాన్ని మనం నేరుగా నోట్లో పెట్టుకుంటాం. పైగా ఆ పేపరు ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియదు.

మట్టిలో జరిగేది వేరు. నల్ల ఇంకులో రంగునిచ్చేది చాలామటుకు కార్బన్ బ్లాక్, అంటే మసి. దాన్ని మోసేది ఖనిజ నూనె గానీ, మొక్కల నూనె గానీ. మసిని వేరు పీల్చుకోలేదు. నూనెని మట్టిలోని సూక్ష్మజీవులు నెమ్మదిగా తినేస్తాయి. పరిమాణం కూడా చూడండి. ఒక కుండీకి పట్టే కాగితం బరువు మూడు గ్రాములు కూడా ఉండదు, అందులో ఇంకు ఎంతని? పాతకాలపు రంగు ఇంకుల్లో, ముఖ్యంగా పసుపులో, సీసం ఉండేది. అందుకే రంగు బొమ్మలు నిండిన పేజీలని నేను పక్కన పెట్టేస్తాను. క్లాసిఫైడ్స్, టెండర్ ప్రకటనలు, వార్తలు నిండిన నలుపు తెలుపు పేజీలే కుండీలకి. వాటికెలాగూ ఇంట్లో వేరే గిరాకీ ఉండదు.

మెరిసే మ్యాగజైన్ కాగితం, షోరూమ్ కరపత్రాలు అసలే వద్దు. వాటి మీద సన్నటి మట్టి పూత ఉంటుంది. నీళ్ళు పీల్చవు, తొందరగా కుళ్ళవు, వేరుకి దారివ్వవు.

అపోహ: కుండీతో సహా పాతేస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది

ఎక్కువ మొక్కలు పోయేది ఇక్కడే.

దీపం ఒత్తి నూనెని పైకి లాగినట్టు కాగితం నీళ్ళని పైకి లాగుతుంది. కుండీ అంచు మట్టి మీదికి అర అంగుళం కనిపిస్తున్నా చాలు, ఆ అంచు కింద తడినంతా లాగి గాలికి ఆరబెడుతూ ఉంటుంది. చుట్టూ ఉన్న మట్టి తడిగానే కనిపిస్తుంది, మొక్క మాత్రం మధ్యాహ్నానికి వాలిపోతుంది. మీరేమో నీళ్ళు చాల్లేదనుకుని ఇంకా పోస్తారు. కాబట్టి నాటే ముందు పైన మిగిలిన అంచు చింపేయండి, లేదా అంచు పూర్తిగా మునిగేలా పాతండి.

రెండోది ఎండిన కాగితం. తడిసిన న్యూస్‌పేపర్‌ని లేత వేరు సులువుగా చీల్చుకుపోతుంది. అదే ఒకసారి బాగా ఎండితే అట్టలా బిగుసుకుంటుంది. వేరు గోడ దాకా వచ్చి పక్కకి తిరిగి కుండీ లోపలే చుట్టుకుంటుంది. నెల తర్వాత తవ్వి చూస్తే కుండీ ఆకారం చెక్కు చెదరకుండా ఉంటుంది, మొక్క అందులో బందీ. అందుకని నాటే రోజు పొద్దున కుండీలని నీళ్ళున్న ట్రేలో ఉంచి గోడలు మెత్తబడనివ్వాలి. గుంటలో పెట్టాక అడుగు మడతలు వేలితో విప్పి తీసేయాలి. పక్కన రెండు మూడు చోట్ల గోరుతో చీరాలి. గుంట మట్టికీ కుండీ గోడకీ మధ్య ఖాళీ లేకుండా చుట్టూ నొక్కి నీళ్ళు పోయాలి. ఆపైన వారం రోజులు ఆ చోటు ఎండిపోకుండా చూసుకుంటే కాగితం సంగతి మరిచిపోవచ్చు.

అడుగు తీస్తే వేరు కదలదా అని అడుగుతారు. మట్టి ముద్ద విడిపోకుండా ఉన్నంత వరకు ఏమీ కాదు.

అపోహ: గట్టిగా ఉండాలంటే మందంగా చుట్టి గమ్ పెట్టాలి

గట్టి కుండీ మనకి ముద్దొస్తుంది, వేరుకి కాదు. పెద్ద సైజు దినపత్రిక పేజీ ఒకటి తీసుకుని నిలువుగా మూడు పట్టీలు చేయండి. పక్కలు నిటారుగా ఉన్న టానిక్ సీసాకి ఒక పట్టీ చుట్టండి, అడుగున రెండు వేళ్ళ వెడల్పు కాగితం మిగలాలి. అది దాదాపు మూడు చుట్లు వస్తుంది, అంతకి మించి వద్దు. మిగిలిన కాగితాన్ని నాలుగు వైపుల నుంచి సీసా అడుక్కి మడిచి నేలకేసి గట్టిగా నొక్కి, సీసా లాగేయండి. స్టీలు గ్లాసుతో కూడా చేస్తారు, కానీ పైన వెడల్పు, కింద సన్నం కాబట్టి చుట్టు వదులై జారిపోతుంది.

గమ్, టేపు, స్టేప్లర్ పిన్నులు ఏవీ అక్కర్లేదు. టేపు మట్టిలో అలాగే ఉండిపోతుంది, పిన్ను ఎప్పుడో వేలికి గుచ్చుకుంటుంది. మైదా పిండి ఉడికించి అతికిస్తే ఆ రాత్రికే బొద్దింకలకి విందు. మట్టి నింపగానే ఆ బరువే మడతని పట్టి ఉంచుతుంది. కుండీలని ఒకదానికొకటి ఆనేలా ట్రేలో పేర్చుకుంటే నిలబడతాయి, తడీ ఆగుతుంది. కానీ మూడు వారాలు దాటనివ్వకండి. పక్క కుండీలోకి వేళ్ళు దూరిపోతాయి, ఇక విడదీయాలంటే తెంపాల్సిందే. తీగలకి (మొదట విచ్చుకునే గింజ పప్పుల జతని లెక్కలోకి తీసుకోకుండా) రెండు మూడు అసలు ఆకులు రాగానే నాటేయడం మేలు.

నింపడానికి ఉత్త తోట మట్టి పనికిరాదు, గట్టిపడిపోతుంది. కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), వర్మీకంపోస్టు, మట్టి సమపాళ్ళలో కలుపుకుంటే సరిపోతుంది. కాకర గింజ పెంకు గట్టిది, రాత్రంతా నానబెట్టి పెట్టండి.

అపోహ: పేపర్ కుళ్ళి మొక్కకి బలమిస్తుంది

ఇవ్వదు. కాగితంలో కర్బనం ఎక్కువ, నత్రజని లేనట్టే లెక్క. దాన్ని కుళ్ళబెట్టే సూక్ష్మజీవులు తమకి కావాల్సిన నత్రజనిని పక్కనున్న మట్టి నుంచే తీసుకుంటాయి. కుండీలో ఎక్కువ రోజులు ఉంచిన మొలకల ఆకులు లేత పసుపుకి తిరగడానికి ఇది కూడా ఒక కారణం. మిశ్రమంలో వర్మీకంపోస్టు ఉంటే ఈ లోటు తెలియదు. ఉత్త కోకోపీట్‌లో పెంచేవాళ్ళకే ఇబ్బంది.

అపోహ: కుండీకి బూజు పట్టింది, నారు పోయినట్టే

"అక్కా, తెల్లగా బూజొచ్చింది, పారేయమంటావా?" అని కింది ఫ్లాట్ అమ్మాయి ఏటా అడుగుతుంది. బయటి గోడ మీద కనిపించే ఆ తెల్లటి బూజు చచ్చిన కాగితాన్ని తినేది, బతికున్న మొక్క జోలికి రాదు. అయితే అది ఒక సమాచారం ఇస్తోంది: నీళ్ళు ఎక్కువయ్యాయి, గాలి తక్కువైంది. మట్టి మీద ఆకుపచ్చ పాచి కనిపించినా అర్థం అదే.

భయపడాల్సింది నారుకుళ్ళు తెగులుకి. మట్టిని తాకే చోట కాండం నీళ్ళు పట్టినట్టై, సన్నబడి, మొలక పక్కకి ఒరిగిపోతుంది. మట్టిలో ఉండే పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవుల పని అది. పడిపోయిన మొలక లేవదు. ఆ కుండీ తీసేసి, మిగతావాటికి నీళ్ళు తగ్గించి, గాలి తగిలే చోటికి మార్చాలి. ముందుగానే మిశ్రమంలో ట్రైకోడెర్మా (మొక్కకి మేలు చేసే శిలీంధ్రం) కలుపుకుంటే బెడద తగ్గుతుంది. నీళ్ళు పైనుంచి మగ్గుతో కాకుండా ట్రేలో అర అంగుళం పోసి, కుండీలు పీల్చుకున్నాక మిగిలింది ఒంపేయండి. కుండీలూ చినగవు.

అపోహ: పేపర్ చెదలని పిలుస్తుంది

నేల మీద పెడితే నిజమే, ఎర్ర నేలల్లో మరీను. ట్రేని ఇటుకల మీదో స్టాండు మీదో ఎత్తులో పెట్టండి. నేలలో నాటేవాళ్ళు గుంటలో గుప్పెడు వేపపిండి కలపండి.

అపోహ: ప్లాస్టిక్ ట్రే వాడితే పాపం

మృగశిర కార్తె వానలకి నాటాలంటే మే నెలలోనే గింజలు పెట్టాలి. ఆ ఎండకి షేడ్ నెట్ కింద కూడా పేపర్ కుండీ పొద్దున తడిపితే మధ్యాహ్నానికి ఎండుతుంది. ఉద్యోగాలకి వెళ్ళేవాళ్ళు ఆ టెన్షన్ పడలేరు. అప్పుడు నేను తీగలకి కూడా పెద్ద గుంతల ప్లాస్టిక్ ట్రేలే వాడతాను, కాస్త ముందుగా, రెండో ఆకు విప్పుకోగానే నాటేస్తాను. జూలై వానల్లో పరిస్థితి తలకిందులు. ఆరుబయట పెట్టిన పేపర్ కుండీ నాని ముద్దైపోతుంది, పైన కప్పు ఉండాల్సిందే. పేపర్ కుండీలకి జనవరి, ఫిబ్రవరి నెలలే అన్నిటికన్నా అనువైనవి.

అపోహ: టీ పేపర్ కప్పులు, గుడ్ల అట్టలు కూడా కాగితమే కదా

గుడ్ల అట్ట కాగితపు గుజ్జే, కుళ్ళుతుంది. కానీ గుంత మరీ లోతు తక్కువ, బీర వేరు నాలుగు రోజుల్లో అడుగు తాకుతుంది. టీ కప్పుకి లోపల సన్నటి పాలిథిన్ పొర ఉంటుంది, అది లేకపోతే టీ నిలవదు. అలాగే పాతేస్తే కాగితం పోయి ఆ పొర మట్టిలో మిగిలిపోతుంది, వేరు దాన్ని దాటలేదు. కప్పుల్లో నారు పెంచాలనుంటే పెంచుకోండి, అడుగున మూడు చిల్లులు పెట్టి. నాటేటప్పుడు మాత్రం పక్కన కత్తెరతో నిలువుగా కోసి, మట్టి ముద్దని చేతిలోకి తీసుకుని, కప్పుని చెత్తబుట్టలో వేయండి.