వ్యోమగామి ప్రసంగానికి వెళ్లే ముందు

విశాఖపట్నం, పెదవాల్తేరు.

చిరంజీవులు సుధీర్‌కు, మాధవికి, వారితో పాటు వస్తున్న తరగతి పిల్లలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

వచ్చే శనివారం మీ బడివారు మిమ్మల్ని నర్సీపట్నం నుంచి బస్సులో విశాఖకు తీసుకువచ్చి, అంతరిక్షానికి వెళ్లివచ్చిన ఒక వ్యోమగామి ప్రసంగం వినిపించబోతున్నారని మీ అమ్మ ఫోనులో చెప్పింది. చాలా సంతోషించాను. ఇటువంటి సభల్లో చివర ప్రశ్నలకు మిగిలే సమయం బహు తక్కువ. అందులోనూ ముందు వరుసల్లోని వాళ్లకే మైకు ఎక్కువగా అందుతుంది. మీ చేతికి అది వచ్చిన ఆ అర నిమిషాన్ని ఎలా వాడుకోవాలో ఇప్పుడే ఆలోచించుకోండి. ఇన్నేళ్లు పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పినదాన్ని కనుక నాకు తోచినది రాస్తున్నాను.

"అక్కడి నుంచి మన దేశం ఎలా కనిపించింది?" అని మాత్రం అడగవద్దు. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మగారు సోయజ్ టి-11 నౌకలో బైకనూర్ నుంచి బయలుదేరి సోవియట్ వారి శాల్యూత్-7 అంతరిక్ష కేంద్రానికి చేరినప్పుడు, ప్రధాని ఇందిరా గాంధీ ఆయనను అడిగిన ప్రశ్న అదే. దేశభక్తి గీతంలోని ఒక పంక్తితో ఆయన ఇచ్చిన జవాబును దేశమంతా ఈనాటికీ తలుచుకుంటుంది. ఆనాడు అది ఎంతో మంచి ప్రశ్న. అయితే ఆయన దాదాపు ఎనిమిది రోజుల ఆ ప్రయాణంలో ఎన్నో ప్రయోగాలు చేశారు. భారరహిత స్థితిలో శరీరానికి యోగాసనాలు ఎంతవరకు ఉపకరిస్తాయో పరిశీలించడం వాటిలో ఒకటి. ఆ సంగతి తెలిసినవాళ్లు ఎంతమంది? దృశ్యం గురించి అందరూ అడుగుతారు. మీరు పని గురించి అడగండి.

అడగడానికి ముందు కొంత తెలుసుకుని ఉండాలి. అంతరిక్షంలో భూమి ఆకర్షణ ఉండదని, అందుకే మనుషులు తేలుతారని మీలో చాలామంది అనుకుంటూ ఉండవచ్చు. అది సరికాదు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంది. విశాఖ నుంచి విజయవాడకు రైలు దారి 350 కిలోమీటర్లు కదా, ఆ దూరాన్ని నిలువుగా పైకి కొలిచి ఇంకొంచెం కలిపితే కేంద్రం వస్తుంది. అంత ఎత్తున కూడా భూమి ఆకర్షణ నేల మీద ఉన్నదానిలో పదింట తొమ్మిది వంతులు ఉంటుంది. కేంద్రం గంటకు సుమారు 28,000 కిలోమీటర్ల వేగంతో ముందుకు పోతూనే, క్షణక్షణమూ భూమి వైపు పడుతూ ఉంటుంది. అది ఎంత మేర కిందికి పడుతుందో, గుండ్రని భూమి ఉపరితలం కూడా అంత మేర కిందికి వంగుతూ పోతుంది కనుక నేలను ఎన్నటికీ తాకదు. కేంద్రమూ, అందులోని మనిషీ, ఆ మనిషి చేతిలోని చెంచా, అన్నీ ఒకే తీరున పడుతూ ఉండటం వల్ల ఒకటి మరొకదాని మీద బరువు మోపదు. తేలడమంటే అదే. ఇది అర్థమయ్యేదాకా కాగితం మీద బొమ్మ గీసుకుని చూడండి, మళ్లీ మళ్లీ గీయండి.

అలా పడుతూ ఉండటం శరీరాన్ని ఊరికే వదలదు. మోయడానికి బరువు లేకపోవడంతో నడుము, తుంటి ఎముకల సాంద్రత నెలకు ఒక శాతానికి పైగా తగ్గుతుంది, కండరాలు పలచబడతాయి. అందుకే అక్కడివారు రోజూ సుమారు రెండు గంటలు వ్యాయామం చేస్తారు. కాళ్లలోని ద్రవాలు పైకి చేరి ముఖం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడ వేసినట్లుంటుంది. తిరిగి వచ్చిన తరువాత నిటారుగా నిలబడటానికే కొంతకాలం పడుతుంది. "భూమి మీదికి వచ్చిన తొలి ఉదయం మంచం దిగి ఎలా నడిచారు?" అని మాధవి అడిగితే నాకు ఎంతో బాగుంటుంది.

శుభాంశు శుక్లాగారి సంగతి మీకు తెలిసే ఉంటుంది. 2025 జూన్ 25న యాక్సియం అనే అమెరికా ప్రైవేటు సంస్థ నడిపిన యాక్సియం-4 యాత్రలో బయలుదేరి, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అడుగుపెట్టిన తొలి భారతీయుడు ఆయనే. అక్కడ పెసలు, మెంతులు మొలకెత్తించే ప్రయోగం చేశారు. మన వంటింటి గింజలే! ఆ యాత్ర పలుమార్లు వాయిదా పడింది. ఒకసారి రాకెట్టులో ద్రవ ఆక్సిజన్ లీకవుతున్నదని గుర్తించి ప్రయోగాన్ని ఆపారు. ఏదైనా జరిగితే ఆయన స్థానంలో వెళ్లేందుకు ప్రశాంత్ బాలకృష్ణన్ నాయర్‌గారు సమానంగా శిక్షణ పొంది సిద్ధంగా ఉన్నారు. 1984లో రవీశ్ మల్హోత్రాగారు కూడా అలాగే అన్ని పరీక్షలకూ నిలిచి, చివరకు నేల మీదనే ఉండిపోయారు. వాళ్ల పేర్లు కూడా మీరు గుర్తుంచుకోవాలని నా కోరిక. ప్రయాణం ఆగిపోయిన రోజున ఏమి చేశారని, తనతో పాటు శిక్షణ పొంది వెళ్లలేకపోయినవారితో ఏమి మాట్లాడుకున్నారని సుధీర్ అడగవచ్చు.

మన విశాఖకు ఈ విషయంతో ఉన్న సంబంధం కూడా తెలుసుకుని రండి. మన దేశం సొంతంగా మనుషులను అంతరిక్షానికి పంపబోయే గగనయాన్ యాత్రలో, మన వ్యోమగాములు కూర్చునే గుళిక (క్యాప్సూల్) తిరుగు ప్రయాణంలో పారాచూట్ల సాయంతో సముద్రంలో దిగుతుంది. గుళిక దిగగానే పని పూర్తి కాదు. భారరహిత స్థితి నుంచి అప్పుడే వచ్చిన మనిషికి అలల మీద ఊగే చిన్న గదిలో గడిపే ప్రతి నిమిషమూ కష్టమే. అందుకని వీలైనంత త్వరగా, భద్రంగా వారిని ఓడ మీదికి చేర్చాలి. 2023 జూలై 20న ఇక్కడి నౌకాదళ డాక్‌యార్డులో, అంతే బరువూ అదే ఆకారమూ ఉన్న నమూనా గుళికతో ఆ పనిని అభ్యసించారు. 2024 డిసెంబరు 6న విశాఖ తీరానికి ఆవల మరొక పద్ధతిని పరీక్షించారు. వెనుక భాగంలోని విశాలమైన అరలోకి సముద్రపు నీటిని రానిచ్చే ఓడ ఒకటి ఉంటుంది. తేలుతున్న గుళికను తాళ్లతో ఆ అరలోకి లాగి, సరైన చోట నిలిపి, తరువాత నీటిని బయటికి పంపివేస్తారు. లోపలి మనుషులు కదలనక్కరలేదు. రామకృష్ణా బీచ్ దగ్గర మీరు చూసే ఈ సముద్రం మీదనే, మన నౌకాదళంవారు ఎండలో, ఉప్పునీటిలో ఈ పని నేర్చుకున్నారు. సముద్రంలో దిగిన వ్యోమగామి అయితే, తలుపు తెరిచేదాకా లోపల ఎలా గడిచిందో తప్పక అడగండి.

ప్రసంగం ఇంగ్లీషులోనో హిందీలోనో ఉండవచ్చు. ఇంగ్లీషు తడబడుతుందన్న సంకోచంతో మంచి ప్రశ్నను మింగివేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను, చూసిన ప్రతిసారీ నా మనసు కలుక్కుమన్నది. తెలుగులోనే అడగండి, మీ టీచరుగారు అనువదించి చెబుతారు. లేచి నిలబడి పేరు, తరగతి చెప్పి, ఒక్క ప్రశ్నను ఒకే వాక్యంలో అడిగి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. జవాబును అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకోండి. ఫోటో దొరకకపోతే చిన్నబుచ్చుకోవద్దు.

మీరు అడిగిన ప్రశ్న, వచ్చిన జవాబు, అందులో మీకు అర్థం కాని భాగం, ఈ మూడూ నాకు ఉత్తరం రాయండి. అర్థం కానిదానికి నాకు చేతనైనంత వివరంగా తిరుగు టపాలో జవాబు రాస్తాను.

ఇట్లు,
మీ అమ్మమ్మ