మొగతనానికి నంబరు ఉంటుందా?

హనుమకొండ నుంచి ఒక కుర్రాడు రాశాడు. డిగ్రీ అయిపోయింది, జిమ్‌కు పోతున్నాడు. "సార్, టెస్టోస్టిరాన్ టెస్టు చేయించుకున్న. 410 వచ్చింది. కోచ్ చూసి 'గింతేనా? మొగోనికి ఎనిమిది వందలన్న ఉండాలె, సూది తీస్కో' అంటున్నడు. నిజంగనే తక్కువనా? నేను మొగోణ్ని కానా?"

మొదటి ప్రశ్న సులువు. టెస్టోస్టిరాన్ అంటే ముఖ్యంగా వృషణాల్లో తయారయ్యే మగ హార్మోన్. ఈడొచ్చిన మగవాళ్లలో డెసిలీటరు రక్తానికి సుమారు 300 నుంచి 1000 నానోగ్రాముల దాకా మామూలే అని చాలా ల్యాబులు లెక్కేస్తాయి. 410 అందులోనే ఉంది. పైగా ఈ అంకె పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. నిద్ర చాలకపోతే ఇంకా పడిపోతుంది. ఒక్క రిపోర్టు చూసి బుద్ధున్న డాక్టరెవరూ సూది రాయరు.

ఆ సూది సంగతి కూడా చెప్పి ముందుకు పోదాం. మెదడులోని హైపోథాలమస్ అనే భాగం నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ వస్తుంది. అది పిట్యూటరీ గ్రంథిని కదిపితే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే ఇంకో రెండు హార్మోన్లు విడుదలవుతాయి. ఎల్‌హెచ్ పోయి వృషణాల్లోని లేడిగ్ కణాలను తడితే టెస్టోస్టిరాన్ తయారవుతుంది. రక్తంలో కంటే వృషణం లోపల దీని గాఢత ఎన్నో రెట్లు ఎక్కువ. ఆ గాఢత ఉంటేనే వీర్యకణాలు పుడతాయి. ఇప్పుడు హార్మోన్‌ను బయటి నుంచి ఎక్కించారనుకోండి. మెదడు "సరుకు సరిపడా ఉంది" అనుకొని జీఎన్‌ఆర్‌హెచ్ తగ్గిస్తుంది, ఎల్‌హెచ్ ఆగుతుంది, లేడిగ్ కణాలు పని మానేస్తాయి, వృషణం లోపలి గాఢత కుప్పకూలుతుంది. రిపోర్టులో అంకె ఎనిమిది వందలు దాటుతుంది, వీర్యకణాలు మాత్రం చాలామందిలో సున్నాకు దిగుతాయి, వృషణాలు చిన్నబోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ సూదిని మగవాళ్ల గర్భనిరోధకంగానే పరీక్షించి 1990లో ఫలితాలు ప్రకటించింది. కోచ్ గారికి ఈ ముక్క ఎవరైనా చెప్పాలి.

ఇక రెండో ప్రశ్న. అసలు నాకు ఆసక్తి దాని మీదే.

2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో కోడిపందెం కోసం పుంజు కాలికి కట్టిన కత్తి తగిలి దాని యజమానే చనిపోయాడు. పోలీసులు ఆ పుంజును గొల్లపల్లి స్టేషన్‌లో ఉంచి గింజలు వేశారు. దేశదేశాల పత్రికలు దాన్నో వింతగా రాశాయి. అందరూ కత్తి గురించి మాట్లాడారు, నాకేమో ఆ పుంజుకు అంత కోపం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పట్టుకుంది. హార్మోన్ల శాస్త్రం మొదలైందే పుంజులతో.

1849లో జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ ఆరు పుంజు పిల్లల వృషణాలు తీశాడు. రెండింటిని అట్లాగే వదిలేశాడు. రెండింటికి ఒక్కో వృషణాన్ని తిరిగి పొట్టలో పెట్టాడు. మిగిలిన రెండింటికి ఒకదాని వృషణం ఇంకోదానికి మార్చి పెట్టాడు. మొదటి రెండూ బలిసి, జుట్టు వాడిపోయి, కూయడం మాని పడి ఉన్నాయి. తక్కిన నాలుగూ ఎర్రటి జుట్టుతో కూశాయి, కొట్లాడాయి, పెట్టల వెంట పడ్డాయి. కోసి చూస్తే, పేగు మీద పెట్టిన వృషణానికి కొత్త రక్తనాళాలు మొలిచి ఉన్నాయి, పాత నరం మాత్రం అతకలేదు. అంటే కబురు నరం గుండా పోలేదు, రక్తం గుండా పోయింది. హార్మోన్ అన్న మాట పుట్టకముందే హార్మోన్ దొరికింది! మన జువాలజీ పుస్తకాల్లో ఇదంతా "ద్వితీయ లైంగిక లక్షణాలకు కారణం" అన్న ఒక్క వాక్యంగా మిగిలింది. పిల్లలు రెండు మార్కులకు బట్టీ పట్టి వదిలేస్తారు. పుంజుల కథ చెబితే క్లాసులో వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

తర్వాత వేలంవెర్రి మొదలైంది. 1889లో బ్రౌన్-సెకార్డ్ అనే పేరుమోసిన శాస్త్రవేత్త, డెబ్బై రెండేళ్ల వయసులో, కుక్కల, గినీపందుల వృషణాల రసాన్ని తనకు తానే సూదిగా పొడుచుకొని, యవ్వనం తిరిగొచ్చిందని పారిస్‌లో సభ ముందు చెప్పాడు. టెస్టోస్టిరాన్ నీళ్లలో సరిగా కరగదు, కాబట్టి ఆయన ఎక్కించుకున్నది దాదాపు ఉత్త నీళ్లే. పనిచేసింది నమ్మకం. కాజీపేట నుంచి వరంగల్ దాకా గోడల మీద "మగతనం తగ్గిందా? రహస్య చికిత్స" అని రాసి బతికే వాళ్లది ఈ వంశమే. వాళ్ల పెట్టుబడి మన భయం: ఒక్క వీర్యపు చుక్క నలభై రక్తపు చుక్కలకు సమానం అని ఊళ్లల్లో ఇప్పటికీ చెప్తారు. రాత్రి కల వస్తే బలమంతా పోయిందని కుమిలిపోయే కుర్రాళ్లు ఎందరో. ఆ కుంగుబాటుకు 1960లో ఎన్.ఎన్. విగ్ అనే మానసిక వైద్యుడు 'ధాత్ సిండ్రోమ్' అని పేరు పెట్టాడు. చుక్కల లెక్కకు మాత్రం ఏ ఆధారమూ లేదు.

టెస్టోస్టిరాన్ ఎక్కువైతే మనిషి పుంజులా మీద పడతాడా? ఇక్కడే అందరూ తప్పటడుగు వేస్తారు. నా దృష్టిలో ఈ హార్మోన్ చేసే పని గణపతి నిమజ్జనంలో మైక్‌సెట్టు వాల్యూమ్ మీటది. పాటను అది ఎంచుకోదు. పెట్టిన పాటను పెంచుతుంది, అంతే.

ఆఫ్రికాలో టాలపాయిన్ అనే చిన్న కోతులున్నాయి. వాటి మగ గుంపులో ఎవడు పెద్ద, ఎవడు చిన్న అన్నది ముందే తేలిపోయి ఉంటుంది. నడుమ వరసలోని కోతికి టెస్టోస్టిరాన్ బాగా ఎక్కిస్తే కొట్లాటలు పెరిగాయి. ఎవరితో? పైవాళ్లతో కాదు, వాళ్లకు మునుపటిలాగే తలవంచింది. తన కిందివాటినే ఇంకా ఎక్కువ కొట్టింది. పాత పాటే, వాల్యూమ్ పెరిగింది. ఆఫీసులో నోరెత్తని మనిషి ఇంటికొచ్చి ఎవరి మీద అరుస్తాడో గమనించిన వాళ్లకు ఈ కోతి కొత్తేమీ కాదు.

పాట మారితే? 2010లో జూరిక్ పరిశోధకులు 120 మందికి పైగా స్త్రీలతో ఒక పంపకం ఆట ఆడించారు. ఒకరి చేతిలో కొంత డబ్బు పెడతారు. ఎదుటివారికి ఎంత ఇస్తారో ఆమె చెప్పాలి. ఎదుటివారు "వద్దు" అంటే ఇద్దరికీ సున్నా. సగం మందికి నాలుక కింద అర మిల్లీగ్రాము టెస్టోస్టిరాన్, సగం మందికి హార్మోన్ లేని ఉత్త మందు. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. హార్మోన్ పడ్డవాళ్లు ఎక్కువ న్యాయంగా పంచారు! ఈ ఆటలో కాదనిపించుకోవడమే పరువు నష్టం, పరువు నిలవాలంటే సరిగ్గా పంచాలి మరి. అసలు వింత ఆ తర్వాత ఉంది. "నాకు పడింది టెస్టోస్టిరానే" అని నమ్మినవాళ్లు, నిజంగా ఏది పడ్డా సరే, తక్కువ ఇచ్చారు. హార్మోన్ మనిషిని న్యాయం వైపు నెట్టింది, హార్మోన్ మీది మూఢనమ్మకం స్వార్థం వైపు నెట్టింది. బ్రౌన్-సెకార్డ్ బతికుంటే ఈ పేపరు చదివించాల్సింది. 2016లో మగవాళ్ల మీద చేసిన ఇలాంటి ప్రయోగంలో, హార్మోన్ పడ్డవాళ్లు మోసంగా పంచినవాళ్లను గట్టిగా శిక్షించారు, చేతినిండా ఇచ్చినవాళ్లకు ఎక్కువ బహుమానమూ ఇచ్చారు. కోపం, దాతృత్వం రెండూ ఒకే మీట మీద పెరిగాయి.

మరి పాట పెట్టేదెవరు? ఊరు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో వరండాలో నడిచొస్తున్న విద్యార్థిని ఒకడు కావాలని భుజంతో గుద్ది, తిట్టి పోయేలా ఏర్పాటు చేశారు. 1996లో అచ్చయిన ఫలితం ఇది: అమెరికా దక్షిణాది నుంచి వచ్చిన కుర్రాళ్లలో టెస్టోస్టిరాన్, ఒత్తిడి హార్మోన్ అయిన కార్టిసాల్ జివ్వున లేచాయి. ఉత్తరాది వాళ్లలో పెద్దగా మార్పు లేదు, కొందరు నవ్వుకున్నారు కూడా. తిట్టు ఒకటే, గ్రంథులు ఒకటే. తిట్టుపడితే ఊరుకునేవాడు మగాడే కాదని ఇంట్లో నేర్చుకున్నవాళ్లకు మాత్రం రక్తం మారింది. మన దగ్గర "మొగోడివైతే రా" అన్న ఒక్క మాటకు బెల్టు షాపు ముందు తలలు పగులుతాయి. అదే మాట విని పక్కకు తప్పుకుంటే పెద్దరికం అనే ఊరు ఉంటే, అక్కడి మీట పెద్దరికాన్నే పెంచుతుంది.

మన ఓరుగల్లులోనే చూడండి. గణపతిదేవుడి కూతురు రుద్రమ 1262 నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలింది. శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. సింహాసనానికి మగపేరు కావలసి వచ్చింది, పేరు పెట్టేశారు. కత్తి పట్టడానికి, సామంతుల తిరుగుబాటు అణచడానికి ఎవరూ నానోగ్రాములు లెక్కపెట్టలేదు.

ఇంకో సంగతి చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. పక్షుల్లో టెస్టోస్టిరాన్ ఏడాదంతా ఒక్కలా ఉండదు. పోటీ ఉన్నప్పుడు లేస్తుంది, పిల్లలకు మేత పెట్టేటప్పుడు దిగుతుంది. జాన్ వింగ్‌ఫీల్డ్ 1990లో దీన్ని సిద్ధాంతంగా కట్టాడు. మనిషిలో? ఫిలిప్పీన్స్‌లోని సెబులో 624 మంది కుర్రాళ్ల లాలాజలాన్ని 2005లో ఒకసారి, 2009లో మరోసారి పరీక్షించారు. మొదట టెస్టోస్టిరాన్ ఎక్కువున్న పెళ్లికాని వాళ్లే నాలుగేళ్లలో భర్తలు, తండ్రులు అయ్యే అవకాశం ఎక్కువ. అయ్యాక వాళ్లలోనే అది బాగా పడిపోయింది, సాయంత్రం వేళ 34 శాతం దాకా. రోజుకు మూడు గంటలో, అంతకు మించో పిల్లల పని చూసుకునే తండ్రుల్లో అందరికంటే తక్కువ. టాంజానియాలో పక్కపక్కన బతికే రెండు తెగలు ఇంకా స్పష్టంగా చూపిస్తాయి. హడ్జా తండ్రులు పిల్లలను ఎత్తుకుంటారు, ఆడిస్తారు. వాళ్లలో తండ్రుల స్థాయి తండ్రులు కానివాళ్ల కంటే తక్కువ. దటోగా పశువుల కాపరుల్లో పసిపిల్లల పని ఆడవాళ్లదే. అక్కడ తండ్రికీ తండ్రి కానివాడికీ తేడా లేదు. కనడం వల్ల కాదు, సాకడం వల్ల దిగింది.

2012లో అచ్చయిన ఇంకో పరిశీలన కూడా సెబు తండ్రుల మీదే. పిల్లల పక్కనే పడుకునే వాళ్లలో సాయంత్రపు స్థాయి, వేరుగా పడుకునే వాళ్ల కంటే తక్కువగా ఉంది. పిల్లలకు వేరే గది ఇచ్చే ఇళ్లు మన వైపు ఎన్ని? ఎండాకాలం డాబా మీద నాన్న నడుమ, అటో పిల్ల ఇటో పిల్ల, దోమల కోసం ఒక ఫ్యాను. తరతరాలుగా మన మగవాళ్లు ఆ సెబు తండ్రుల జాబితాలోనే పడుకుంటున్నారు.