ఒడిశా ఇనుము లెక్క: నవీన్ పాలనలో అసలు మలుపు ఎక్కడ?

ఖజానా నిండుగా అప్పగించి వెళ్లామంటుంది ఒడిశాను 24 ఏళ్లు ఏలిన నవీన్ పట్నాయక్ పార్టీ, బీజేడీ. గనులున్న గడ్డ మీద జనాన్ని పేదలుగానే ఉంచారంటుంది బీజేపీ. 2024 జూన్‌లో బీజేడీ పోయి బీజేపీ ప్రభుత్వం వచ్చినప్పటి నుంచి భువనేశ్వర్‌లో ఈ వాదం చల్లారినట్టే చల్లారి మళ్లీ రాజుకుంటోంది. ఖనిజ భూముల పన్ను బకాయిల మాట వచ్చినప్పుడల్లా మరీనూ. నవీన్‌కు తండ్రి బిజూ పట్నాయక్ నుంచి వచ్చిన వారసత్వం, 1999 తుపాను, వరసగా అయిదు విజయాలు పాఠకులకు తెలిసిన కథే. ఓటమికి కారణంగా, నవీన్‌కు కుడిభుజంగా నిలిచిన మాజీ ఐఏఎస్ పాండ్యన్ పేరు కూడా కావలసినంత నలిగింది. ఓట్ల శాతంలో బీజేపీ కంటే బీజేడీకి కాస్త ఎక్కువే వచ్చిందన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తు లేదు. 147 సీట్లలో 78 బీజేపీకి, 51 బీజేడీకి దక్కాయి.

ఈ 24 ఏళ్ల లెక్క తేల్చాలంటే చూడాల్సింది 2004 నుంచి 2013 దాకా. కేంఝర్, సుందర్‌గఢ్ జిల్లాల్లో జోడా, బార్బిల్, కోయిడా చుట్టూ ఎర్రమట్టి దారుల వెంట రాత్రింబవళ్లు లారీలు తిరిగిన కాలం అది. చైనా ఉక్కు ఆకలితో ఇనుప ఖనిజం ధర 2008 నాటికి అంతర్జాతీయంగా టన్నుకు వంద డాలర్లు దాటేసింది. తవ్విన ఖనిజానికి కంపెనీలు కట్టే రుసుముగా రాష్ట్రానికి దక్కిన రాయల్టీ? మేలురకం ఖనిజానికి కూడా టన్నుకు 27 రూపాయలు. 2009 ఆగస్టులో కేంద్రం దాన్ని అమ్మకం ధరలో 10 శాతంగా మార్చింది. 2014 సెప్టెంబరులో 15 శాతం చేసింది. అప్పటికి మంచి ధరలున్న రోజులు గడిచిపోతున్నాయి.

బీజేడీ సమర్థన ఇక్కడే మొదలవుతుంది. రాయల్టీ రేటు నిర్ణయించేది కేంద్రం, మేమేం చేయగలం అని. చట్టం ప్రకారం అది నిజమే. అయితే రాష్ట్రం చేతిలో రేటు లేకపోయినా లీజు ఉంది. గడువు తీరిన లీజుకు కంపెనీ రెన్యువల్ దరఖాస్తు పెట్టుకుంటే, దాని మీద ప్రభుత్వం నిర్ణయం చెప్పేదాకా లీజు పొడిగించినట్టే లెక్క అని అప్పటి నిబంధన. అంటే ఫైలు కదలకపోతే చాలు, తవ్వకం సాగుతూనే ఉంటుంది. ఏళ్ల తరబడి పదుల ఫైళ్లు అలాగే ఉన్నాయి. ఏ దరఖాస్తునైనా ఒప్పుకోవడమో తోసిపుచ్చడమో చేసి ఉంటే రాష్ట్రం షరతులు పెట్టగలిగేది, కనీసం ఎవరు ఎంత తవ్వుతున్నారో అడగగలిగేది. అవినీతి మరక లేని ముఖ్యమంత్రి అన్న పేరు నిలబడింది కూడా సరిగ్గా ఈ ఏళ్లలోనే.

2009లో అక్రమ తవ్వకాల కుంభకోణం బయటపడ్డాక నవీన్ ప్రభుత్వం విజిలెన్స్ విచారణ వేసింది, కొన్ని గనులు మూయించింది, అదనంగా తవ్విన వారికి తర్వాత వసూలు నోటీసులూ ఇచ్చింది. సీబీఐకి మాత్రం ఒప్పుకోలేదు. అక్రమ తవ్వకాలపై కేంద్రం వేసిన జస్టిస్ ఎం.బి.షా కమిషన్ ఒడిశాలో అక్రమంగా తవ్విన ఇనుము, మాంగనీసు ఖనిజం విలువను సుమారు 59 వేల కోట్ల రూపాయలుగా కట్టింది. 2014 మేలో సుప్రీంకోర్టు, రెండోసారో ఆపైనో ఇలా ‘పొడిగించినట్టే’ లెక్కలో నడుస్తున్న 26 గనులను ఆపమంది. 2017 ఆగస్టు 2న, పర్యావరణ అనుమతి లేకుండా తవ్విన ఖనిజానికి పూర్తి విలువ కట్టించుకోవాలని తీర్పిచ్చింది. ఆ లెక్క 17 వేల కోట్లు దాటింది.

ఈ కథలో బీజేపీ పాత్ర గురించి ఆ పార్టీ వాళ్లు ఎక్కువ మాట్లాడరు. 2000 నుంచి 2009 దాకా నవీన్ మంత్రివర్గంలో వాళ్లూ భాగస్వాములే. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన బిశ్వభూషణ్ హరిచందన్ కూడా అందులో మంత్రి. ఇప్పటి ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ కేంఝర్ ఎమ్మెల్యే. అసెంబ్లీలో తొలిసారి అడుగు పెట్టింది ఆ పొత్తు రోజుల్లోనే, 2000లో.

ఈ లీజుల చిక్కు మన దాకా కూడా వచ్చింది. 2011లో విశాఖ ఉక్కు, బార్బిల్ దగ్గర గనులున్న ఒడిశా మినరల్స్ డెవలప్‌మెంట్ కంపెనీని తన గొడుగు కిందికి తెచ్చుకుంది. సొంత గనుల కొరత తీరుతుందనుకున్నారు. లీజులు, అనుమతుల పేచీలో ఆ గనులు మూతపడి ప్లాంటుకు ఆసరా కాలేకపోయాయి.

మరి నిండిన ఖజానా ఎక్కడిది? 2005-06 నుంచే ఒడిశా రెవెన్యూ మిగులు చూపిస్తోంది, అది నవీన్ పొదుపు. అసలు డబ్బు మాత్రం 2015 జనవరిలో కేంద్రం గనుల చట్టాన్ని మార్చి వేలం తప్పనిసరి చేయడంతో మొదలైంది. ఖనిజాన్ని బయట అమ్ముకునే గనుల పాత లీజులన్నీ 2020 మార్చి 31తో ముగిశాయి. వేలంలో కంపెనీలు ఎగబడ్డాయి. నువాగాం గనికి జేఎస్‌డబ్ల్యూ ఖనిజం విలువలో 95 శాతం, జాజంగ్‌కు 110 శాతం రాష్ట్రానికి ఇస్తామంది. 2021-22లో ఒడిశా ఖనిజాదాయం 50 వేల కోట్ల దరిదాపుకు చేరింది. అదే రాష్ట్రం, అవే కొండలు. అంతకు ముందు పదిహేనేళ్లు ఆ సొమ్ము ఎవరి జేబులో పడిందో దీన్ని బట్టే తెలుస్తుంది.

పేదరికం తగ్గలేదా అంటే తగ్గింది. టెండూల్కర్ కమిటీ గీసిన పేదరికపు గీత లెక్కలో 2004-05లో 57.2 శాతం ఉన్నది 2011-12కి 32.6కు దిగింది. తుపానుల్లో ప్రాణాలు కాపాడటంలో ఒడిశాను మించిన రాష్ట్రం లేదు. రూపాయికి కిలో బియ్యం పస్తులు తప్పించింది. ఇవి చిన్న విషయాలేం కావు.

కానీ పెద్దపల్లి, సంగారెడ్డి, రంగారెడ్డి ఇటుక బట్టీల దగ్గరికెళ్లి అడిగితే బలంగీర్, నువాపడా, కలాహండి పేర్లే వినపడతాయి. పంటలు ఇంటికొచ్చాక సర్దార్ (కూలీలను కుదిర్చే దళారి) దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లాపాపలతో బలంగీర్ జిల్లా కాంటాబంజీలో రైలెక్కి వచ్చి, ఎండాకాలం దాటేదాకా ఇటుకలు కోస్తారు. 2013 డిసెంబరులో, మాట్లాడుకున్న చోటికి కాక వేరే రాష్ట్రానికి రమ్మంటే ఒప్పుకోలేదని కలాహండి కూలీలు ఇద్దరి కుడి చేతులు నరికేశారు దళారులు. షా కమిషన్ తన నివేదికలు ఇచ్చిందీ ఆ ఏడే. గనులు ఉత్తరాన, వలసలు పడమట, ఈ రెంటికీ ముడిపెట్టడం అన్యాయమని బీజేడీ నేతలు అంటారు. గనుల కంపెనీలు కట్టే జిల్లా ఖనిజ నిధి గనులున్న జిల్లాలకే చెందాలన్నది చట్టం, నిజమే. రాయల్టీకి మాత్రం అలాంటి హద్దేదీ లేదు. 2024లో నవీన్ తన హింజిలితో పాటు రెండో సీటుగా ఎంచుకున్నది కాంటాబంజీనే. అక్కడ 16 వేలకు పైగా ఓట్లతో ఓడిపోయారు.

ఇక పన్ను పేచీ. తక్కువ రాయల్టీకి విరుగుడుగా ఖనిజ భూములపై పన్ను వేస్తూ నవీన్ ప్రభుత్వం 2004లోనే ఒక చట్టం చేసింది. 2005లో ఒరిస్సా హైకోర్టు దాన్ని కొట్టేసింది. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 2024 జులై 25న, సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం ఎనిమిది మంది మెజారిటీతో రాష్ట్రాలకు ఆ అధికారం ఉందని చెప్పింది. 2005 ఏప్రిల్ 1 నుంచి బకాయిలు అడగొచ్చని, 2026 ఏప్రిల్ 1 నుంచి 12 ఏళ్ల వాయిదాల్లో కట్టించుకోవచ్చని ఆగస్టు 14న తేల్చింది. ఒడిశా చట్టం కింద తన మీద పడగల భారం 17 వేల కోట్ల పైమాటేనని టాటా స్టీల్ ఒక్కటే తన లెక్కల్లో చూపింది. ఒక్కో రాష్ట్ర చట్టంపై కేసు విడిగా తేలాలి కాబట్టి ఆ సొమ్ము రేపే రాదు. రాష్ట్రాలకు ఈ అధికారం లేదని ఆ కేసులో వాదించింది కేంద్రంలోని బీజేపీ ప్రభుత్వమే. నవీన్ చేసిన చట్టం పట్టుకుని కోర్టులో కొట్లాడతారా, వదిలేస్తారా అన్నది ఇప్పుడు మాఝీ తేల్చుకోవాలి.